జాడ రెండో వర్షన్

ఏంది రా గట్ల చూస్తున్నవ్? రావద్దా నేను? వార్డు బయట నీ పెండ్లాం క్రిస్టీనా గూడ గిట్లనే చూసింది. "ఇంకేం మిగిలిందని వచ్చినవ్ నాగేశన్నా" అన్నది. మిషన్ స్కూల్ల ఒక్క బెంచి మీద కూసున్నోళ్ళం. అహరోను దవాఖానల పడి ఉంటే నాగేశ్ రాకపోతే ఎట్ల?

గా మాటనే చెప్పిన ఆమెకు. మొఖం తిప్పుకుని గిన్నె కడగనీకి పోయింది. గిన్నె కడిగే ఉన్నది, నేను చూసిన.

సరె, కొంచెం జరుగు... వద్దొద్దు, నువ్వు కదలకు. నేనే గీ స్టూల్ మీద కూసుంట. సంచి ఇక్కడ కాళ్ళకాడ పెడుత. బరువున్నది. అండ్ల ఏమున్నదో తర్వాత చెప్త.

నోరు ఇప్పనీకి కోషిష్ చెయ్యకు. పట్నంల దవడకు తీగెలు గుంజి కట్టిండ్రు గదా, అవి తెగితే మళ్ళ మొదటికొస్తది. గొట్టంతోని గంజి తాగుడు, ఊకుండుడు, గంతే నీ పని. మాట్లాడుడు నా పని. బడికాడి సంది గంతే గదా మనది? నేను ఒర్రుడు, నువ్వు ఇనుడు. అవునంటే నా వేలు ఒత్తు. కాదంటే ఊకో. ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది గదా, గా చేత్తోనే గదా పోలీసాయనకు పేరు రాసిచ్చినవ్.

ఒత్తవా? మంచిది. ఒత్తకు.

నా పెదవి చూస్తున్నవా? చంద్రప్ప పగలగొట్టిండు, నిన్న. రైతుల సంఘం ప్రెసిడెంటు గదా, చెయ్యి గూడ ప్రెసిడెంటు చెయ్యి లెక్కనే ఉన్నది. మొదలు అంగి గల్ల వట్టింది నేనే. అబద్ధం ఎందుకు చెప్పాలె? కుర్సీలకెల్లి లేపి గోడకు నూకిన. గోడకు మొన్న పెట్టిన కొత్త గడియారం కిందపడి పగిలింది. దాని మీదికెల్లి తొక్కుకుంట కొట్టుకున్నం ఇద్దరం, కుక్కల తీర్గ. ఎందుకో చెప్త. నిమ్మళంగ ఇను.

ముందు గీ కాయితం చూడు. ఇయ్యాల పొద్దుమీకి జాడ రెండో వర్షన్ పట్నం కంపెనీకి పోవాలె. దాని ఎంబడి గీ కాయితం పోవాలె. కొత్తగ ఏం పెట్టినం, పాత దాంట్ల ఏం తప్పులు సరిచేసినం, అన్నీ వరుసగ. ఇంగ్లీషుల రాసిన. నీకు తెలుగుల చెప్త. నువ్వు ఒప్పుకుంటేనే పంపుత. ఒట్టు రా.

ఏంది, నవ్వుతున్నవా? నవ్వకు. నొప్పి లేస్తది.

జాడ అంటే ఏందో నీకు చెప్పే పని లేదు. బస్ డిపో ఎనక నా దుకాన్ల కూసుని నేను రాస్తుంటే నువ్వే గదా చాయ్ తెచ్చేది. జావాల రాసిన ప్రోగ్రాం నడుస్తుంటే, దాన్ని ఆపకుంట, లోపల ఏ పని ఎవరు చేస్తుండ్రో బయటికి చూపెడుతది. "పోలీసు కుక్క లెక్క వాసన వడుతది గదరా" అన్నవ్ నువ్వు. నాకు మస్తు నచ్చింది గా మాట. కంపెనీ ఆయనకు ఫోన్ల గూడ చెప్పిన. ఆయన నవ్విండు.

కుక్క. గా కుక్క మొదలు నిన్నే కరిసింది.

సరె, ఇను. కొత్తయి మొదలు. ఒకటి, ఇంతకుముందు జాడ తగిలియ్యాల్నంటే ప్రోగ్రాం ఒక్కసారి బంద్ చేసి మళ్ళ షురూ చెయ్యాలె. ఇగ ఆ అవసరం లేదు. నడిచేదానికి నడుస్తుండంగనే తగిలియ్యొచ్చు. రెండు, ఒకని పేరు చూపెట్టి ఆగదు. వాంతోని ఎవరు చేయించిండ్రు, వాని ఎనక ఎవరున్నరు, వాని ఎనక ఇంకెవరు, పైదాక గొలుసు మొత్తం చూపెడుతది. మూడు, పనికిరాని పేర్లన్ని పక్కకు నూకి, మనకు కావాల్సినయే తెర మీద ఉంచొచ్చు.

మంచిగున్నయి గదా? మంచిగనే ఉన్నయి. నెలలకు నెలలు కండ్లు పోయేటట్టు రాసిన.

ఇగ సరిచేసినయి. ప్రోగ్రాం మీద మంది ఎక్కువైతే జాడ ఆగిపోతుండె, ఇప్పుడు ఆగదు. అది ఒకటి. రెండోది... రెండోది ఇను. "కొన్ని సందర్భాలలో పాత పేరు అలాగే ఉండిపోయే లోపం సరిచేయబడింది."

గంతే.

గంతే రా! ఒక్క లైను. గా లైను కిందనే నీ దవడ ఉన్నది. ఆ లైనుకు ఎడమ పక్క ఒక చిన్న చుక్క పెట్టిన, అన్నిటికి పెట్టినట్టే. కంపెనీ వాళ్ళు చదువుతరు, మంచిది అంటరు, కింది లైనుకు పోతరు.

ఊకో ఊకో, వేలు ఇరగ్గొడతవా ఏంది? ఇప్పుడు ఒత్తుతున్నవా? ఒత్తు. ఇంకా ఒత్తు. నాకు మంచిగనే ఉన్నది.

ఆ రోజు మతికున్నదా? ఎందుకుండదు. నాకు పండుకున్నా గదే, లేచినా గదే. మిరుగం కార్తె మొదటి చినుకు పడ్డది. సోయా ఇత్తనం కోసం సంఘం గోదాం ముందట పొద్దుగాలనే మంది. నువ్వు కిటికీ ఎనక కంప్యూటర్ ముందు, టోకెన్లు ఇచ్చుకుంట. నేను లాప్‌టాప్ పట్టుకుని బస్తాల మీద, రాజు లెక్క. టోకెన్ల ప్రోగ్రాంకు జాడ తగిలిచ్చిన గదా. మస్తు మంది నడుమ నా సామాను ఎట్ల పనిచేస్తదో చూద్దామని. ఆడు చూసిండా, ఈడు చూసిండా అని చుట్టూ చూసుడు. ఎవ్వడూ చూస్తలేడు. వాళ్ళకు ఇత్తనం కావాలె, నా జాడ ఎందుకు?

గప్పుడే కరెంటు పోయింది.

కంప్యూటర్‌కు ఇన్వర్టర్ ఉన్నది. తూకమేసే పెద్ద కరెంటు కాంటాకు లేదు. చంద్రప్ప లోపలికెల్లి పాత తరాజు తీపిచ్చిండు, ఇనుప తూకం రాళ్ళు తెప్పిచ్చిండు. రాళ్ళతోని తూచుకుంట పోతే ఎప్పుడు తెగుతది? సిర్గాపూర్ వాళ్ళు ముందున్నరు, ఎత్తుకపోయిండ్రు. కల్హేర్ వాళ్ళు లైన్ల అట్లనే నిలబడ్డరు, టోకెన్లు చేతుల పట్టుకుని. తీరా వాళ్ళ వంతు వచ్చేటాల్లకు కంప్యూటర్ల వాళ్ళ టోకెన్లు లేవు. ఒక్కటి లేదు. అన్నీ రద్దు.

ఇగ లేసింది లొల్లి. మొగులయ్య గొంతు మొదలు ఇనవడ్డది. కల్హేర్ దిక్కు మనిషి, పెద్ద చేతులు, పెద్ద గొంతు. "మా టోకెన్లు ఎవడు మింగిండు రా" అని. మబ్బు దిక్కు చూసుకుంట ఒర్రుతుండు. ఆ చినుకు పోతే మళ్ళ ఎప్పుడో, నేల ఆరితే దున్నిందంత పాయె. వాని కడుపుమంట వానిది.

చంద్రప్ప భయపడ్డడు. నా దిక్కు తిరిగిండు. "నాగేశ్, నీ కాడ ఎవరు చేసిండ్రో చెప్పే మిషన్ ఉన్నదంటివి గదా, చూసి చెప్పు" అన్నడు.

అందరి తలకాయలు నా దిక్కు తిరిగినయి రా. అందరియి. పొద్దుగాల సంది ఒక్కడు నా దిక్కు చూడలే, ఇప్పుడు అందరు చూస్తుండ్రు. ఏం చెయ్యాలె నేను? లోపలికి పోయి, నిమ్మళంగ చూసి, నిన్ను పక్కకు పిలిచి అడగాలె. మనిషన్నోడు గది చేస్తడు. నేనేం చేసిన? బస్తా మీద నిలబడ్డ. లాప్‌టాప్ చేతుల పట్టుకున్న. తెర మీద ఉన్నది ఉన్నట్టు సదివిన, గొంతు పెద్దగ చేసి. "రద్దు చేసింది అహరోను."

అవునా కాదా అని గూడ అనుకోలే. నా సామాను పని చేసింది, గదే నా సంబరం. నీ పేరు సదువుతున్నప్పుడు నాకు ఖుషీ అయింది రా. థూ.

"వీని అత్తగారి ఊరు సిర్గాపూర్ రా" అని ఎవడో అన్నడు. ఇగ ఖతం. గా ఒక్క ముక్క చాలు గదా మందికి. సిర్గాపూర్ వాళ్ళకు ఇచ్చి, మనయి పీకేసిండు అని. నిజానికి నీకు అత్తగారి ఊరితోని మాటలు లేక ఎన్నేండ్లాయె, గది మందికి ఎవరు చెప్తరు? నాకు తెలుసు. నేను చెప్పలే.

మొగులయ్య కిటికీలకెల్లి చెయ్యి పెట్టి నీ అంగి పట్టి గుంజిండు. ఊచలకు నీ తలకాయ తాకింది. తలుపు ఇరగ్గొట్టి లోపలికి ఉరికిండ్రు, బయటికి ఈడ్చిండ్రు. ఎనకనుంచి ఎవడో గోనె సంచి నీ తల మీదికెల్లి దిగగుంజిండు. మన దిక్కు ఆనవాయితీ గది. దొంగ దొరికితే ముందు సంచి ఎయ్యాలె, కొట్టేటోళ్ళ మొఖాలు వానికి కనవడొద్దు. రేపు అదే బజార్ల తిరగాలె గదా అందరు, అదే హోటల్ల చాయ్ తాగాలె. అందుకే సంచి. మన పెద్దలు మస్తు తెలివిమంతులు.

కాళ్ళతోని తన్నిండ్రు. తరాజు కట్టెతోని కొట్టిండ్రు. నీ కుడి చెయ్యి మీద ఒకడు బూటుతోని ఎక్కి నిలబడ్డడు, నేను చూసిన, ఆ వేళ్ళు ఇరుగుడు చూసిన. సంచి నెత్తురుతోని తడిసి నీ మొఖానికి అంటుకున్నది.

ఏడ్వకు రా. ముక్కు మూసుకపోతే ఊపిరి ఆడదు నీకు. క్రిస్టీనాను పిలువాల్నా? వద్దా? సరె, నేను తుడుస్త. కదలకు.

ఇప్పుడు అసలు ముచ్చట చెప్త. నీ టోకెన్లు... అదే, కల్హేర్ వాళ్ళ టోకెన్లు ఎవరు తీసిండ్రో ఎరికేనా? ఎవ్వడూ తియ్యలే. దుకాన్ల కూసుని, ఆ ప్రోగ్రాంనే మళ్ళ నడిపిచ్చిన, కంప్యూటర్ గడియారం పగటి పన్నెండుకు తిప్పి చూసిన. పన్నెండు గొట్టంగనే సంచులు ఎత్తుకపోనోళ్ళ టోకెన్లన్ని ప్రోగ్రామే రద్దు చేసుకుంటది. గట్లనే రాసిపెట్టిండ్రు దాన్ని. మనిషి చెయ్యి లేదు. గడియారం తప్ప ఎవ్వడూ లేడు.

మరి నీ పేరు ఎట్లొచ్చిందంటవ్. నీకు సమజయ్యేటట్టు చెప్త. గోదాంల హమాలీలు ఉంటరు గదా? పని వస్తే ఎవడు ఖాళీగున్నడో వాడు ఎత్తుతడు. ప్రోగ్రాంల గూడ గట్లనే, హమాలీల లెక్క కొందరుంటరు, ఒకరి తర్వాత ఒకరి పని చేసుకుంట పోతరు. నా జాడ ఏం చేస్తదంటే, పని ఎవరిదో ఆ పేరు రాసి హమాలీ వీపుకు ఒక చిట్టి అంటిస్తది. పని అయినంక ఆ చిట్టి పీకాలె. నేను పీకలే. పన్నెండింటికి జరంత ముందు నువ్వు ఎవరికో టోకెన్ ఇచ్చినవ్, గా హమాలీ వీపు మీద నీ పేరు. పని అయింది, వాడు ఖాళీ. పన్నెండు కొట్టంగనే గడియారం పని గూడ వానికే వచ్చింది. వీపు మీద ఇంకా నీ పేరే. జాడ ఏం చెప్తది? అహరోను అని చెప్తది.

చిట్టి పీకాలె, గంతే రా. ఒక్క లైను. రాసేటప్పుడు మతికున్నది, తర్వాత రాద్దామనుకున్న. కంపెనీకి జల్ది చూపెట్టాలె గదా.

అందుకే నిన్న చంద్రప్ప కాడికి పోయిన. మైకు పెట్టి చెప్పు, అహరోను తప్పు లేదని ఊరంత చెప్పు అన్న. వాడేమన్నడో ఎరికేనా? "గా పన్నెండింటి రూలు నేను పెట్టిచ్చిన, ఆ సంగతి రైతులకు చెప్పలే. ఇప్పుడు ఎవ్వడూ చెయ్యలేదు అని చెప్తే ఊకుంటరా? నన్ను సంచిల ఏస్తరు. అహరోను ఎట్లనన్న తిన్నడు గదా దెబ్బలు, అయిపాయె, ఇంకొకనికి ఎందుకు" అన్నడు. అయిపాయె అన్నడు రా! గప్పుడు వట్టిన గల్ల. వాని పన్ను ఒకటి ఊడింది. వాడు నా పెదవి పగలగొట్టిండు. నౌకర్లు వచ్చి విడిపిచ్చిండ్రు.

ఒత్తినవ్. ఇప్పుడు ఒత్తినవ్ గదా? చంద్రప్పను కొట్టినందుకా? నాగేశ్ నా దిక్కు నిలబడ్డడు అనుకుంటున్నవా?

తియ్యి. చెయ్యి తియ్యి రా. ఇంకా ఉన్నది.

నిన్న చంద్రప్ప కాడికెల్లి పెదవి పట్టుకుని దుకాన్‌కు వస్తుంటే ఒక ఆడమనిషి మెట్ల మీద కూసుని ఉన్నది. శంకరమ్మ. మొగులయ్య పెండ్లాం. కల్హేర్ నుంచి ఆటోల వచ్చిందట. నా కాళ్ళు పట్టుకుంటదేమో అనుకున్న. పట్టుకోలే. నా గల్ల పట్టింది. అందరి ముందట. "మా ఆయన అంగి పట్టి గుంజిండు, గది నిజం. చెయ్యి ఎత్తి కొట్టలే. చేనుల ఇత్తనం ఎయ్యాలె, ఆయన జైల్ల ఉన్నడు. దవడ పగలగొట్టినోడు ఎవడో నీ మిషన్‌ల చూసి చెప్పు. నీ మిషన్ అన్ని చెప్తదట గదా" అన్నది.

నేను నోరు ఇప్పలే. నాకు దవడకు తీగెలు లేవు, అయినా ఇప్పలే. ఆమె నా మొఖం చూసింది, చూసింది, చూసి ఇడిసింది. ఒక్క మాటన్నది పోయేటప్పుడు. "నీకు తెలుసు" అన్నది.

అహరోను, పోలీసాయన అడిగినప్పుడు నువ్వు మొగులయ్య పేరు ఎందుకు రాసిచ్చినవ్? సంచి కిందనుంచి నీకు ఎవరు కనవడ్డరు? ఎవ్వరూ కనవడలే. సంచి ఎయ్యకముందు నీ అంగి పట్టింది మొగులయ్య. ఆఖరికి నువ్వు చూసిన మొఖం గదే. తర్వాత పడ్డ దెబ్బలన్నిటికి గదే పేరు పెట్టుకున్నవ్. సూడు రా... నువ్వు గూడ నా జాడ లెక్కనే చేసినవ్. పాత చిట్టి పీకకుంట చెప్పినవ్. నిన్ను అంటలేను. మొఖానికి గోనె సంచి ఉంటే ఎవడైనా గంతే చెప్తడు.

రేపు పొద్దుగాల పోలీసాయన మళ్ళ వస్తడు, నీతోని బరాబర్ రాపిచ్చుకుని సంతకం తీసుకుంటడు. దాని తర్వాత మొగులయ్య ఎప్పుడొస్తడో. చేను పడావు పడుతది. అందుకే ఇయ్యాల వచ్చిన. గంజి కోసం రాలే, కాయితం కోసం రాలే. కాయితం సాకు. దాంట్ల ఉన్న లైనంత చిన్నగనే చెప్పి ఎల్లిపోదామనుకున్న. వార్డు దాక వచ్చిన, క్రిస్టీనా గిన్నె కడుగుడు చూసిన.

ఇను. ఇగ మళ్ళ ఆగకుంట చెప్త, ఆగితే చెప్పలేను.

నిన్ను తంతుంటే నేను బస్తా మీదనే ఉన్న. సంచిలకెల్లి నువ్వు ఒర్రినవ్. దేవుడా అనలే. అమ్మా అనలే. "నాగేశ్" అన్నవ్. "నాగేశ్, చెప్పు రా, నేను చెయ్యలే అని చెప్పు రా" అన్నవ్. ఒక్కసారి గాదు. ఊపిరి ఉన్నంత సేపు గదే.

వాళ్ళు ఇన్నరు. ఒకడు తిరిగి నన్ను చూసిండు. "నాగేశ్ అంటే నువ్వే గదా? వీడు నీ దోస్తా? ఇద్దరు కలిసి చేసిండ్రా?" అన్నడు. వాని చేతుల తరాజు కట్టె. దానికి నీ నెత్తురు. నన్ను గూడ గుంజిండ్రు బస్తా మీదికెల్లి. లాప్‌టాప్ ఎటు పడ్డదో. ఇంకో గోనె సంచి ఎవడో దులుపుతుండు, నా కండ్ల ముందట. దుమ్ము లేసింది దాంట్లకెల్లి.

నువ్వు ఇంకా పిలుస్తున్నవ్.

తరాజుల తూకం రాయి ఉన్నది. అయిదు కిలోల ఇనుప రాయి, పైన పట్టుకునే కడెం ఉంటది సూడు. తీసిన. మందిల చొచ్చుకుని వచ్చిన. వాళ్ళే దారి ఇచ్చిండ్రు. సంచి మీదికెల్లి నీ గొంతు ఎక్కడికెల్లి వస్తున్నదో చూసి కొట్టిన.

నేను రా. నేనే. మొగులయ్య గాదు.

ఒక్కటే దెబ్బ. ఎండిన జొన్న కట్టె ఇరిగినట్టు ఇనవడ్డది. నువ్వు పిలుసుడు ఆగింది. వాడు నా భుజం తట్టిండు, కట్టె పట్టుకున్నోడు. "నువ్వు మనోడివే" అన్నడు. గా తట్టుడుకు నాకు పానం లేసొచ్చింది. బతికిన అనుకున్న. నిన్ను చంపిన అనుకోలే, నేను బతికిన అనుకున్న. తర్వాతనే నేను ఉరికిన ఆటో కోసం. దవాఖానకు ఎత్తుకొచ్చింది నాగేశన్న అని క్రిస్టీనా ఆ రోజు నా చేతులు కండ్లకు అద్దుకున్నది. గా చేతులే.

భయంతోని కొట్టిన అని చెప్పుకుంటున్న ఇన్ని రోజులు. గొలుసు పైదాక తియ్యిమని నా జాడకు నేనే నేర్పిన గదా, తీసి చూసుకున్న. రాయి కొట్టింది ఎవరు? నేను. నన్ను మంది పట్టుకునేటట్టు చేసింది ఎవరు? నీ పిలుపు. నువ్వు పిలిచేటట్టు చేసింది? మంది. మందికి పేరు చెప్పింది? బస్తా మీద నిలబడ్డోడు. వానికి పేరు చెప్పింది? జాడ. జాడ రాసింది ఎవడు? ఎటుకెల్లి పోయినా నా దుకాన్ల తేలుతది రా. నడుమ చంద్రప్ప ఉన్నడు, మొగులయ్య ఉన్నడు, కరెంటోడు గూడ ఉన్నడు. మొదలు నేనే, తుద నేనే. నిన్న చంద్రప్పను కొడుతున్నప్పుడు గూడ నేను కొట్టింది నన్నే అనుకుంట. పన్ను మాత్రం వానిది ఊడింది.

ఏంది, చెయ్యి ఇడుస్తలేవు. గట్ల గట్టిగ పట్టినవేంది? గోర్లు దిగుతున్నయి. సరె. పట్టు.

నా కాళ్ళకాడి సంచిల ఏమున్నదని అడగలే నువ్వు. నోరు లేదు, ఎట్ల అడుగుతవ్. ఆగు, తీస్త. ఒక్క చెయ్యి ఇడువు.

ఇగో.

మంచం మీద పెడుతున్న, నీ ఎడమ పక్క. ఆ రోజు మంది చెదిరినప్పుడు దుకాన్‌కు ఎత్తుకపోయిన. కడెం కాడ సూడు, నల్లగ ఉన్నది. కడగలే నేను. ఎన్నిసార్లు నల్లా కిందికి పట్టిన, కడగలే. చంద్రప్ప వెతికిస్తుండు, తూకం రాయి ఒకటి తక్కువైందని.

కాయితం చించుత. చూడు, చించిన. వర్షన్ పోతే పోనీ, కంపెనీ పోతే పోనీ. రేపు దాక ఎందుకు, ఇక్కడికెల్లి సీదా స్టేషన్‌కు పోత. రాయి పట్టుకుని పోత. శంకరమ్మ అక్కడనే గేటు కాడ కూసున్నదట. గోదాం ముందట గూడ నిలబడి చెప్త, గదే బస్తా మీద, గంతే గొంతుతోని. అహరోను చెయ్యలే అని. నమ్మితే నమ్ముతరు, లేకుంటే ఇంకో సంచి ఉన్నది గదా వాళ్ళ కాడ.

అగో. రాయి మీద చెయ్యి పెట్టినవ్.

లేపుతున్నవా? లేస్తదా ఎడమ చేత్తోని? లేస్తది. బడిల గూడ రాళ్ళు ఇసురుడుల నీదే మొదటి నంబరు... లేపు. నేను జరగను. సూడు, స్టూల్ దగ్గరికి జరుపుకున్న. తలకాయ వంచుత, నీకు అందాలె గదా.

క్రిస్టీనా, లోపలికి రాకు! వస్తే రా, గని వాని చెయ్యి పట్టకు. వాన్ని ఆపకు తల్లీ. ఆ గిన్నె కింద పెట్టి గోడకాడ నిలబడు. నువ్వు గూడ చూడు.

కొట్టు రా అహరోను. దవడ మీదనే కొట్టు. బతికితే పాక్కుంటనన్న స్టేషన్‌కు పోత, పోకపోతే క్రిస్టీనా పోయి నేను చెప్పింది చెప్తది. ఆమె గుమ్మంల నిలబడి అంత ఇన్నది, నాకు తెలుసు.

ఎందుకాగినవ్? నన్ను చూడలేక కండ్లు మూస్తున్నవా? మూయకు. నేను గూడ మూయను. సంచి లేదు రా ఇక్కడ. నా మొఖం నువ్వు చూడు, నీ మొఖం నేను చూస్త. ఎవడు ఎవని కొట్టిండో ఈసారన్న పేరు తప్పు పోవద్దు.